ఎమ్డెన్ ఆకలి

యుద్ధనౌక గురించి రాసేవారు ముందుగా ఫిరంగులు లెక్కపెడతారు. ఎన్ని ఉన్నాయి, ఎంత లావు, ఎంత దూరం కొడతాయి అని. జర్మన్ లైట్ క్రూయిజర్ ఎమ్డెన్ విషయంలో ఆ లెక్క చిటికెలో తేలిపోతుంది. 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు పది. 1914 నాటి సముద్రాల మీద అదేమంత చెప్పుకోదగ్గ సంపద కాదు. ఆ ఓడ గుట్టు తెలియాలంటే మరో అంకె చూడాలి. దాని మామూలు బరువు 3,664 టన్నులు. బంకర్లలో కూరి కూరి నింపితే పట్టే బొగ్గు సుమారు ఎనిమిది వందల టన్నులు. పన్నెండు నాట్ల వేగంతో నింపాదిగా సాగితే ఆ బొగ్గుతో 3,760 నాటికల్ మైళ్ళు పోవచ్చు. అంటే రోజుకు అరవై టన్నుల పైచిలుకు చొప్పున పదమూడు రోజులు. పద్నాలుగో రోజుకల్లా ఎక్కడో ఒకచోట బొగ్గు దొరికి తీరాలి. శత్రువు వెంటపడి, బాయిలర్లన్నీ మండించి పరిగెత్తాల్సి వస్తే అదే బొగ్గు నాలుగైదు రోజులకు కూడా రాదు.

మద్రాసు మీద గుండ్లు కురిపించిన ఓడగానే ఎమ్డెన్ మనవాళ్ళకు తెలుసు. దాని కథలో సాహసం ఉంది, మారువేషం ఉంది, శత్రువే మెచ్చుకున్న మర్యాదస్తుడైన కెప్టెన్ ఉన్నాడు. అందుకే నూట పదేళ్ళు దాటినా ఆ కథకు గిరాకీ తగ్గలేదు. అయితే ఆ ఓడ ఎటు వెళ్ళింది, ఎవరిని పట్టుకుంది, ఎవరిని వదిలింది, చివరికి ఎక్కడ చిక్కింది అని వరసగా చూసుకుంటూ పోతే ప్రతి మలుపులోనూ బొగ్గే కనిపిస్తుంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నౌకాదళాలన్నీ భారీ యుద్ధనౌకల పిచ్చిలో ఉన్నాయి. అంతంత ఓడలకు ముందు నడిచి శత్రువు జాడ కనిపెట్టడానికి, వార్తలు మోయడానికి, దూరదేశాల్లోని వలసల్లో జెండా చూపించడానికి, యుద్ధం వస్తే వర్తకపు ఓడల్ని వేటాడటానికి చిన్నవి, చురుకైనవి కావలసి వచ్చాయి. అలా పుట్టినవే ఈ లైట్ క్రూయిజర్లు. వేగం కావాలంటే బరువు తగ్గాలి. బరువు తగ్గాలంటే ఉక్కు కవచం తగ్గాలి. అందుకని ఎమ్డెన్ పక్కలకు మందపాటి కవచం తొడగలేదు. లోపల యంత్రాల మీదుగా ఒక ఉక్కు డెక్కు పరిచారు, మందమైన చోట 80 మిల్లీమీటర్లు. పక్కల సంగతి? అక్కడ బొగ్గు బంకర్లు పెట్టారు. గుండు వచ్చి తగిలితే బొగ్గు గుట్టల్లో కూరుకుపోయి దాని ఊపు చచ్చిపోతుందని ఆనాటి ఇంజనీర్ల లెక్క. ఓడకు తిండీ బొగ్గే, డాలూ బొగ్గే. తింటున్నకొద్దీ డాలు పలచబడుతుందన్నమాట.

డాన్జిగ్‌లోని ప్రభుత్వ నౌకా నిర్మాణశాలలో 1906లో పని మొదలై, 1908 మే 26న ఎమ్డెన్ నీళ్ళలోకి దిగింది. మరుసటి ఏడాది జూలైలో కొలువులో చేరింది. పొడవు 118 మీటర్లు. దీని జంట ఓడ డ్రెస్డెన్. రెండూ ఒకే నమూనా, గుండెకాయలు మాత్రం వేరు. డ్రెస్డెన్‌కు అప్పుడప్పుడే వస్తున్న ఆవిరి టర్బైన్లు బిగించారు. ఎమ్డెన్‌కు పాతకాలపు పిస్టన్ ఇంజన్లు రెండు పెట్టి సరిపెట్టారు. పన్నెండు బాయిలర్ల నుంచి వచ్చే ఆవిరి ముందు చిన్న సిలిండర్‌లో, అక్కడ కొంత ఒత్తిడి పోగొట్టుకుని కాస్త పెద్దదాంట్లో, చివరికి ఇంకా పెద్దదాంట్లో పిస్టన్లను తోస్తుంది. ఒకే ఆవిరితో మూడు విడతల పని. ఆ తరువాత కట్టిన జర్మన్ క్రూయిజర్లకు ఈ ఇంజన్లు పెట్టలేదు. పాతబడిన సరుకు అనుకున్నారు. కానీ తొలినాళ్ళ టర్బైన్లకు ఒక జబ్బు ఉంది. నిండు వేగంలో అవి దివ్యంగా తిరుగుతాయి, నెమ్మదిగా నడిపితే మాత్రం ఆవిరిని దుబారా చేస్తాయి. నెలల తరబడి నిదానంగా, ఎవరి కంటా పడకుండా తిరగాల్సిన ఓడకు ఆ పాత ఇంజనే కలిసొచ్చిందని నా అభిప్రాయం.

ఇంజన్ ఏదైనా దానికి మేత వేసే చేతులు కావాలి. ఎమ్డెన్ మీద ఉండాల్సిన 361 మందిలో పెద్ద భాగం కింది అరల్లో బతికినవాళ్ళే. బంకర్లలో వంగి బొగ్గు తవ్వి తెచ్చేవాళ్ళు కొందరు, కొలిమి తలుపు తెరిచి పారతో లోపలికి విసిరేవాళ్ళు కొందరు. ఊరికే విసిరితే చాలదు, మంట పొడవునా సమంగా పరవాలి. పొడవాటి ఇనుప గడ్డపారతో కదిలించి, గడ్డకట్టిన చిట్టెం విరగ్గొట్టాలి. బూడిద లాగి బయట పారబోయాలి. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చల్లగాలి దూరి ఆవిరి పడిపోతుంది, కనుక ఇదంతా క్షణాల మీద జరగాలి. బంగాళాఖాతపు సెప్టెంబరు ఉక్కలో, ఉక్కు గోడల మధ్య, పన్నెండు బాయిలర్ల పక్కన! బొగ్గుతో నడిచే రైలింజన్ల మీద ఫైర్‌మన్లుగా పనిచేసినవారి కుటుంబాలకు ఈ కష్టం కొంత తెలిసే ఉంటుంది. రైలుకు స్టేషన్ వస్తుంది. ఈ ఓడకు స్టేషన్ లేదు.

1910లో జర్మనీ నుంచి బయలుదేరి చైనా తీరంలోని చింగ్‌తావ్ చేరిన ఎమ్డెన్ మళ్ళీ స్వదేశం చూడలేదు. ఆనాడు చింగ్‌తావ్ జర్మనీ చేతిలో ఉన్న రేవు. 1913లో కార్ల్ ఫాన్ ముల్లర్ కెప్టెన్‌గా వచ్చాడు. మరుసటి ఏడాది యుద్ధం ముంచుకొచ్చింది. జపాన్ కూడా శత్రుపక్షంలో చేరబోతోందని గ్రహించిన జర్మన్ తూర్పు ఆసియా దళాధిపతి అడ్మిరల్ ష్పే తన దళాన్నంతా పసిఫిక్ మీదుగా దక్షిణ అమెరికా వైపు నడిపించాడు. ఒక్క ఎమ్డెన్‌ను హిందూ మహాసముద్రం మీదికి వదలమని ముల్లర్ కోరాడు, అడ్మిరల్ ఒప్పుకున్నాడు. దళమంతా ఇటు వస్తే అన్ని ఓడలకూ బొగ్గు దొరకదు, ఒక్క ఓడ అయితే పట్టుకున్న ఓడల మీద బతకవచ్చు. మార్కొమానియా అనే బొగ్గు ఓడను తోడిచ్చి పంపారు.

సెప్టెంబరు 10న వేట మొదలైంది. కలకత్తా, కొలంబో దారిలో మొదట చిక్కింది పొంటోపోరోస్ అనే గ్రీకు ఓడ. జెండా తటస్థ దేశానిదే కానీ, మోస్తున్నది బ్రిటిష్‌వారి కోసం భారతదేశపు బొగ్గు. సరుకు పారబోయకుండా ఓడనే వెంట తిప్పుకున్నారు. ఆ తరువాత ఇండస్ దొరికింది, దాంట్లో సబ్బులు దండిగా ఉన్నాయి. బొగ్గు మసిలో బతికే మనుషులకు అంతకన్నా ఏం కావాలి! తరువాత లోవాట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబొక్, క్లాన్ మాథిసన్ వరసగా మునిగాయి. డిప్లొమాట్ నిండా తేయాకు. ఓడల మీది మనుషులను ముందు దింపి, ఆ తరువాతే ఓడను ముంచేవారు. కాబింగా అనే ఓడను మాత్రం ముంచలేదు. దాని కెప్టెన్ భార్యాబిడ్డలు ఆ ఓడలోనే ఉన్నారు. అప్పటికి ఉన్న బందీలను అందులోకి ఎక్కించి కలకత్తాకు వదిలేశారు. వెళ్తూ వెళ్తూ ఆ బందీలు ముల్లర్‌కు జేజేలు కొట్టారట.

ముల్లర్ మర్యాద నటన అనడానికి ఆధారం ఏమీ లేదు. ఆయన మనిషే అలాంటివాడు. అయినా బొగ్గు బస్తాలు డెక్కు మీద కూడా పేర్చుకున్న ఓడలో బందీలను పెట్టుకోవడానికి జాగా ఎక్కడుంది? వారిని మోయలేడు, చంపడు. వదిలేయడం ఆయన మనసుకూ ఓడ ఇరుకుకూ రెండింటికీ సరిపోయింది. వదిలిన ప్రతివాడూ ఒడ్డుకు చేరి ఎమ్డెన్ ఆనవాళ్ళు చెబుతాడు, అది దాని వెల.

సముద్రం మీద బొగ్గు ఎక్కించుకోవడం రెండు ఓడల మధ్య కుస్తీ. పక్కపక్కన చేర్చి తాళ్ళతో కడతారు. అల వచ్చినప్పుడల్లా ఒకటి లేస్తుంది, ఒకటి పడుతుంది, రెండూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. బస్తాలు అందించి, మోసి, బంకర్ మూతల్లోంచి కుమ్మరిస్తారు. తిండి, నీళ్ళు, కళ్ళు అంతా నల్లటి ధూళి. ఆ సమయంలో శత్రునౌక వస్తే కట్లు కోసుకునేంత వ్యవధి కూడా ఉండదు. ఇంత కష్టపడి ఎక్కించుకున్న బొగ్గులోనూ రకాలున్నాయి. బొగ్గంతా ఒకటి కాదని సింగరేణి ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. పొంటోపోరోస్‌లో దొరికిన భారతీయ బొగ్గు ఎమ్డెన్ వారికి నచ్చలేదు. వేడి తక్కువ, మసి ఎక్కువ. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత అందరికీ తెలిసిందే. నడిసముద్రంలో ఆ పొగే ఓడను పట్టిస్తుంది, ఓడ కనబడకముందే దాని పొగ ఆకాశం అంచున నిలబడుతుంది. సెప్టెంబరు చివర మినికాయ్ దగ్గర బ్యూరెస్క్ అనే ఓడ నిండా మేలురకం వేల్స్ బొగ్గు దొరికినప్పుడు ఓడ మీద పండగ అయి ఉంటుంది. బ్రిటిష్ నౌకాదళం తన తూర్పు ఓడల కోసం పంపుకున్న బొగ్గు అది.

మారువేషం కథ కూడా పొగగొట్టాల చుట్టూ తిరిగేదే. ఎమ్డెన్‌కు మూడు పొగగొట్టాలు. ఆ చుట్టుపక్కల తిరిగే బ్రిటిష్ క్రూయిజర్లకు రెండో నాలుగో ఉండేవి. కెప్టెన్ తరువాతి అధికారి ఫాన్ మ్యూకె గుడ్డతో, కర్రలతో నాలుగో గొట్టం కట్టించాడు. దూరం నుంచి చూస్తే బ్రిటిష్ యార్మౌత్ అనుకోవాల్సిందే.

సెప్టెంబరు 22 రాత్రి. అమావాస్య దాటి రెండు మూడు రోజులు. నెలవంక ఎప్పుడో అస్తమించింది. మద్రాసులో దీపాలు మామూలుగానే వెలుగుతున్నాయి. ఆనాటి లైట్‌హౌస్ హైకోర్టు గోపురం మీదే ఉండేది. అది కూడా రోజూలాగే తిరుగుతూ దారి చూపించింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎమ్డెన్ తీరానికి బాగా దగ్గరికొచ్చి, సర్చిలైటు వేసి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద కాల్పులు మొదలుపెట్టింది. సుమారు 125 గుండ్లు. ట్యాంకులు అంటుకున్నాయి. దక్షిణాది ఇళ్ళ లాంతర్లలోకి వెళ్ళాల్సిన కిరసనాయిలు రేవు పక్కన మంటై లేచింది. రేవులో లంగరేసి ఉన్న ఓడకూ గుండ్లు తగిలాయి. కొందరు చనిపోయారు. ఎమ్డెన్ తన దారిన చీకట్లోకి వెళ్ళిపోయింది.

నష్టం కొంతే, భయం మాత్రం ఊరంతా పాకింది. వేలమంది పట్నం ఖాళీ చేసి రైళ్ళు పట్టుకున్నారు. సరుకు ఓడలు రేవులు దాటడానికి జంకాయి, బీమా రేట్లు పెరిగాయి. మద్రాసు ఆనాడు తెలుగువారికీ రాజధానే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక అక్కడ దినపత్రికగా మొదలై అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. బ్రిటిష్ వాడి సముద్రం మీద బ్రిటిష్ వాడికే దిక్కులేకపోవడం కొందరికి లోలోపల ముచ్చటగా కూడా ఉండి ఉంటుంది. ఆ ముచ్చటలోంచే కావచ్చు, చెంపకరామన్ పిళ్ళై ఎమ్డెన్ ఎక్కి వచ్చాడనే కథ పుట్టింది. ఆ దేశభక్తుడు ఆ రోజుల్లో యూరప్‌లో ఉన్నాడు. కథకు ఆధారం లేదు. మనకు నచ్చిన ఓడలో మనవాడొకడు ఉండాలనిపించడం సహజమే.

అసలు మనవాళ్ళు ఉన్నది అటువైపు. ఆ కాలపు బ్రిటిష్ వర్తక నౌకల కింది అరల్లో బొగ్గు వేసింది ఎక్కువగా సిల్హెట్, చిట్టగాంగ్, కొంకణం వంటి చోట్ల నుంచి వెళ్ళిన లస్కర్లు. ఎమ్డెన్ పట్టుకున్న ఓడల కెప్టెన్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. లస్కర్లను ఆ పుస్తకాలు గుంపుగానే లెక్కవేశాయి.

అక్టోబరు మొదట్లో ఎమ్డెన్ దక్షిణాన డియెగో గార్సియా దీవికి వెళ్ళింది. యుద్ధం మొదలై రెండు నెలలు దాటినా ఆ దీవి మీద ఎవరికీ ఆ సంగతే తెలియదు! ఉత్తరాలు మోసే ఓడ అరుదుగా వచ్చే చోటు అది. జర్మన్లు కూడా చెప్పలేదు. అడుగున పట్టిన నాచు, గుల్లలు గీకి వేగం తిరిగి తెచ్చుకున్నారు, బొగ్గు ఎక్కించుకున్నారు. దీవి మీదివాళ్ళ పాడైపోయిన మోటారు పడవను బాగు చేసిపెట్టారు కూడా. ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం ఇదే.

మలయాలోని పినాంగ్ రేవు అలాంటిది కాదు. అక్టోబరు 28 తెల్లవారుజామున నాలుగో గొట్టంతో ఎమ్డెన్ రేవులోకి దూరి, లంగరేసి ఉన్న రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను టార్పెడోలతో పేల్చింది. దాని కెప్టెన్ ఆ రాత్రి ఒడ్డున ఉన్నాడు. ఎనభైమందికి పైగా నావికులు పోయారు. బయటికి వస్తూ ముస్కే అనే ఫ్రెంచి డిస్ట్రాయర్‌ను ముంచి, నీళ్ళలో ఉన్న 36 మందిని పైకి లాగింది. మర్యాద గల యుద్ధమన్నది ఎంతవరకు మర్యాదో పినాంగ్ రేవు చూసినవారిని అడగాల్సింది.

నవంబరు 9 ఉదయం కోకోస్ దీవుల్లోని డైరెక్షన్ ఐలాండ్. అక్కడి తంతి కేంద్రం ఆఫ్రికా, ఆస్ట్రేలియాలను సముద్రపు అడుగు తీగలతో కలిపేది. దాన్ని ధ్వంసం చేయడానికి మ్యూకె యాభైమందితో దిగాడు. ఓడ రాకను గమనించిన కేంద్రం సిబ్బందికి గుడ్డ గొట్టం సంగతి ఇట్టే అర్థమైపోయింది. జర్మన్లు ఒడ్డెక్కేలోపే వింత ఓడ వచ్చిందంటూ వైర్‌లెస్‌లో కేక వేశారు. ఆపైన వైర్‌లెస్ స్తంభాన్ని కూల్చేటప్పుడు తమ టెన్నిస్ కోర్టు మీద పడకుండా చూడమని అడిగారు. మ్యూకె మనుషులు అలాగే చూశారు.

బ్యూరెస్క్‌ను కూడా అక్కడికే రమ్మని ముల్లర్ కబురు పెట్టాడు, బొగ్గు ఎక్కించుకుందామని. అందుకే ఆకాశం అంచున పొగ కనబడగానే ఎమ్డెన్ మీదివారు కంగారుపడలేదు. వస్తున్నది మన బొగ్గే అనుకున్నారు. వచ్చింది ఆస్ట్రేలియా క్రూయిజర్ సిడ్నీ. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులను పడమటికి తీసుకెళ్తున్న పెద్ద ఓడల గుంపుకు కాపలాగా అది ఆ దగ్గర్లోనే పోతోంది.

ఒడ్డున ఉన్న యాభైమందిని వదిలేసి ఎమ్డెన్ లంగరెత్తింది. తొలి గుండ్లు దానివే, గురి కూడా బాగుంది, సిడ్నీ మీది దూరం కొలిచే పరికరం ఒకటి ఎగిరిపోయింది. కానీ సిడ్నీ 1912లో నీళ్ళలోకి దిగిన ఓడ. వయసులో తేడా నాలుగేళ్ళే. ఆ నాలుగేళ్ళలో లైట్ క్రూయిజర్ తరమే మారిపోయింది. సిడ్నీ బరువు 5,400 టన్నులు, వేగం ఎక్కువ, ఆరంగుళాల ఫిరంగులు ఎనిమిది. దాని గుండు ఒక్కొక్కటి 45 కిలోలు, ఎమ్డెన్ గుండు 17 కిలోలు. దూరంగా నిలబడి కొట్టే వీలు సిడ్నీది. దగ్గరికి వెళ్ళే వీలు ఎమ్డెన్‌కు లేదు. పొగగొట్టాలు మూడూ కూలాయి. చుక్కాని పోయింది. గంటన్నరకు పైగా దెబ్బలు తిన్నాక, మునిగిపోకుండా ముల్లర్ ఓడను నార్త్ కీలింగ్ దీవి పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. నూట ముప్పైమందికి పైగా చనిపోయారు. సిడ్నీ మీద నలుగురు. ఎమ్డెన్ మృతుల్లో నావికుల బట్టలుతికే చైనావాళ్ళు కూడా ఉన్నారు. వారికి ఈ యుద్ధంతో ఏ సంబంధమూ లేదు.

సిడ్నీ ముందు బ్యూరెస్క్ వెంట పడింది. అందులోని జర్మన్లు దాన్ని తామే ముంచేశారు. సాయంత్రం తిరిగొస్తే ఎమ్డెన్ మీద జెండా ఇంకా ఎగురుతూనే ఉంది. లొంగిపొమ్మని సైగలు చేస్తే జవాబు లేదు. సిడ్నీ మళ్ళీ కాల్చింది. అప్పుడు జెండా దిగింది. గాయపడినవారు ఆ రాత్రంతా నీళ్ళు లేక అల్లాడారు. ఆ అదనపు కాల్పులు అవసరమా అని తరువాత చాలా వాదాలు నడిచాయి. జెండా దించడం మరిచిన చేయీ, కాల్చమన్న నోరూ రెండూ అలసిపోయినవే అనిపిస్తుంది నాకు.

ఒడ్డున మిగిలిన మ్యూకె బృందం ఆయేషా అనే పాత తెరచాప పడవను తీసుకుని ఉడాయించింది. గాలికి నడిచే పడవ కనుక బొగ్గు బాధ లేదు. సుమత్రా, అరేబియా ఎడారి దాటి 1915 మేలో కాన్‌స్టాంటినోపుల్ చేరారు. మ్యూకె పుస్తకాలు రాశాడు. ముల్లర్ యుద్ధఖైదీగా ఉండి వచ్చి, 1923లో చనిపోయేదాకా ఒక్క పుస్తకమూ రాయలేదు. పోయిన తోటివారి రక్తం మీద డబ్బు చేసుకున్నట్టు ఉంటుందని ఆయన బాధ.

టర్బైన్ల డ్రెస్డెన్ ఏమైంది? 1914 డిసెంబరులో ఫాక్‌లాండ్ దీవుల దగ్గర ష్పే దళమంతా మునిగినా అది వేగంతో తప్పించుకుంది. మూడు నెలలు చిలీ తీరంలో నక్కి నక్కి తిరిగి, బొగ్గు దాదాపు అడుగంటాక ఒక దీవి దగ్గర ఆగిపోయింది. బ్రిటిష్ ఓడలు చుట్టుముట్టాక 1915 మార్చి 14న సొంత సిబ్బందే దాన్ని ముంచారు. అన్నదమ్ములిద్దరూ బొగ్గు కోసం ఆగిన చోటే చిక్కారు.

మద్రాసులో ట్యాంకులు తగలబడిన వారానికే, 1914 సెప్టెంబరు 29న, ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్‌లో కరోలిన్ అనే మరో లైట్ క్రూయిజర్ నీళ్ళలోకి దిగింది. దాని బాయిలర్లకు బొగ్గు పని లేదు, చమురుతో మండుతాయి. పారలు లేవు, బూడిద లేదు, బస్తాలు లేవు. గొట్టం తగిలించి పంపు తిప్పితే చాలు. బ్రిటన్ తన నౌకాదళం కోసం పర్షియా చమురు కంపెనీలో పెద్ద వాటా కొన్నదీ ఆ ఏడాదే. అక్కడి నుంచి ఓడల ఆకలి బొగ్గు గనులను వదిలి చమురు బావుల మీద పడింది. కరోలిన్ 1916లో జట్లండ్ యుద్ధం చూసింది, ఆ తరువాత దశాబ్దాలు బెల్‌ఫాస్ట్ రేవులో నౌకాదళానికి శిక్షణ కేంద్రంగా నిలిచింది. 2016లో దాన్ని మ్యూజియం చేశారు. ఆనాటి టర్బైన్లు ఇంకా లోపలే ఉన్నాయి. ఉత్తర ఐర్లండు వైపు ఉద్యోగాలకో చదువులకో వెళ్ళిన మన పిల్లలు ఒక ఆదివారం వెళ్ళి, పై డెక్కు మీది ఫిరంగులతో ఆగిపోకుండా, నిచ్చెన దిగి ఆ ఇంజన్ గది కూడా చూసి రావాలి.